ఖర్జూరం పళ్ళెం ముందు పదిమంది

పరగడుపున వచ్చి కూర్చున్నారు. ముందు వేలికి సూది గుచ్చి ఒక రక్తపు చుక్క తీశారు. తర్వాత పళ్ళెం వచ్చింది. అందులో ఖర్జూరాలు. డయాబెటిస్ ఉన్న మనిషికి వైద్య పరిశోధకులే ఎదురుగా నిలబడి ‘తినండి’ అంటున్నారు. తిన్నాక మళ్ళీ సూది, కాసేపాగి మళ్ళీ సూది, అలా గంటల తరబడి.

ఇది అల్ ఐన్‌లోని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ జుమా అల్‌కాబీ, ఆయన సహచరులు చేసిన ప్రయోగం. 2011 మే నెలలో న్యూట్రిషన్ జర్నల్‌లో అచ్చయింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు 13 మంది, టైప్ 2 డయాబెటిస్ ఉన్నవాళ్ళు 10 మంది పాల్గొన్నారు. ఒక్కొక్కరికీ ఎనిమిది రోజుల పరీక్ష: మూడు రోజులు గ్లూకోజ్, ఐదు రోజులు ఐదు రకాల ఖర్జూరాలు. ఇలాంటి పత్రాల్లో పేర్లు రాయరు. కానీ ఆ పదిమందీ ఏ మనసుతో ఆ పళ్ళెం అందుకుని ఉంటారో ఊరిని చూస్తే పోల్చుకోవచ్చు.

అల్ ఐన్ ఒమన్ సరిహద్దును ఆనుకుని, హఫీత్ కొండ దగ్గర పెరిగిన ఊరు. ఊరి నడుమ ఉన్న ఒయాసిస్‌లోనే 1,47,000 పైచిలుకు ఖర్జూర చెట్లున్నాయి. ఫలజ్ అనే పాతకాలపు కాలవలు వాటికి నీళ్ళు పారిస్తాయి. గడప తొక్కిన ఎవరికైనా ముందు పెట్టేది ఖర్జూరం, గహ్వా అనే అరబ్బు కాఫీ. రంజాన్‌లో ఉపవాసం విడిచేదీ ఖర్జూరంతోనే. అక్కడ ఒక పెద్దాయన పళ్ళెం ముందు చెయ్యి అడ్డం పెడితే, ఇంటాయనకు అది తన ఆతిథ్యాన్నే కాదన్నట్టు తోస్తుంది. పైగా అలా చెయ్యి అడ్డం పెట్టాల్సినవాళ్ళు ఒకరిద్దరు కాదు. 2008లో అబూధాబి ఎమిరేట్‌లో ‘వికాయా’ పేరిట స్వదేశీ వయోజనులకు ఆరోగ్య పరీక్షలు మొదలుపెట్టారు. 50,000 పైచిలుకు మంది వివరాలు తీస్తే 18 శాతం మందికి డయాబెటిస్, మరో 27 శాతం మందికి దాని ముందు దశ ఉన్నట్టు తేలింది.

ఈ ఇబ్బంది మనకు కొత్తదా?

“ఒక్క బూరెకి ఏమవుతుందిరా, పండగ పూట?”

“వద్దత్తా, షుగరు.”

“నాకు లేదూ షుగరు? ఒక మాత్ర ఎక్కువేసుకో. మీ మావయ్య అలాగే తింటున్నారు.”

మాట పూర్తయ్యేలోగా విస్తట్లో బూరె పడుతుంది, దాని మీద నెయ్యి పడుతుంది. తింటే ఒంటికి చేటు, వదిలేస్తే వడ్డించిన చేతికి అవమానం. అదే మనిషి మధ్యాహ్నం ఇంకో ముద్ద అన్నం పెట్టుకుంటే అదే అత్తయ్య “షుగరు పెట్టుకుని అంతన్నమా?” అంటుంది. బలవంతపెట్టడమూ, కాపలా కాయడమూ రెండూ ప్రేమతోనే జరుగుతాయి. అందుకే ఎదురు చెప్పడం అంత కష్టం. గల్ఫ్‌లో గది పంచుకుని ఒకే గిన్నెలో వండుకునే మనవాళ్ళకు ఇంకో చిక్కుంది. తనకొక్కడికీ వేరే కూర, రెండు రొట్టెలు కావాలంటే ఆ పని ఆ పూట వంట వంతు ఎవరిదైతే వాళ్ళ మీద పడుతుంది. అది అడగలేకే చాలామంది నోరు మూసుకుని తెల్లన్నం తినేస్తారు.

అరబ్బుల మర్యాదలో నాకు ఎంతో నచ్చిన పద్ధతి ఒకటుంది. గహ్వాను ఫింజాన్ అనే చిన్న కప్పులో అడుగున కాస్తే పోస్తారు. ఖాళీ అయితే మళ్ళీ పోస్తారు. చాలనుకున్న అతిథి కప్పును అటూ ఇటూ మెల్లగా ఊపి ఇచ్చేస్తాడు. పోసేవాడు కారణం అడగడు, నొచ్చుకోడు, పక్కవాళ్ళ దగ్గరికి వెళ్తాడు. మన పంక్తిలో మాత్రం విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి కొసరి కొసరి వడ్డిస్తాం.

చాలనడానికి గహ్వాకు అలాంటి సైగ ఉంది. ఖర్జూరాన్ని అసలు వద్దనాలా అన్న సంగతిని అల్‌కాబీ బృందం కొలిచి చూసింది. గ్లూకోజ్‌ను 100గా తీసుకుని, ఒక పదార్థం రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో చెప్పేదే గ్లైసిమిక్ సూచీ. 55 దాటకపోతే తక్కువ కిందే లెక్క. డయాబెటిస్ ఉన్నవాళ్ళలో లులు రకానికి 43.8, ఖలాస్‌కు 53 వచ్చాయి, మిగిలిన మూడూ ఆ మధ్యలోనే. ఆరోగ్యవంతుల అంకెలకూ వీళ్ళ అంకెలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. సమతుల ఆహారంలో భాగంగా తింటే ఖర్జూరం వల్ల చక్కెర పెద్దగా ఎగబాకదని పరిశోధకులు రాశారు. అయితే ఆ పదిమందికీ షుగరు అదుపులోనే ఉంది. రెండు మూడు నెలల చక్కెర అదుపును చూపే హెచ్‌బీఏ1సీ వాళ్ళలో సగటున 6.6 శాతం. అదుపు తప్పినవాళ్ళు ఈ అంకెలు పట్టుకుని పళ్ళెం ఖాళీ చేయకూడదు.

మన అరిసెకూ బూరెకూ ఈ జవాబు అంటగట్టకూడదు. అవి పిండీ బెల్లమూ కలిసిన వంటలు. కానీ ఆ గదిలో జరిగిన పని మన ఇంట్లోనూ చిన్నగా చేసుకోవచ్చు: గ్లూకోమీటరుతో తినేముందు ఒక చుక్క, రెండు గంటలకు ఇంకో చుక్క. ఆ అంకెలు కాగితం మీద రాసి అత్తయ్యకు చూపించండి. వద్దంటే ఆవిడ నొచ్చుకుంటుంది. సగం బూరెకు ఇంత, రెండు బూరెలకు ఇంత అని చూపిస్తే, వచ్చే పండక్కి బూరెలు ఉసిరికాయంత చేయాలా, పూర్ణంలో బెల్లం తగ్గించాలా అని ఆవిడే లెక్కలు వేస్తుంది.