పట్టణపు నీడ – పల్లె మాను



విజయదశమి వెడలిన తరువాతి మంగళవారమున విజయనగరములో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము జరుగును. సుమారు 60 అడుగుల నిడివిగల చింతమాను చివరనున్న పీఠముపై పూజారి ఆసీనుడై, మూడులాంతర్ల నుండి కోటవఱకు ముమ్మారు ఊరేగును. 1757వ సంవత్సరపు బొబ్బిలి యుద్ధస్మృతితో ముడివడిన ఈ యుత్సవము పట్టణమునది. మాను మాత్రము సాధారణముగా పరిసరగ్రామములనుండి వచ్చును. పట్టణము పల్లెకు ఋణపడియున్నదనుటకు ఇంతకన్న నిదర్శన మేల?

బాటసారి నీడకై చెట్లు నాటుట మనసీమకు క్రొత్తగాదు. 1936వఱకు శ్రీకాకుళము గంజాముజిల్లాలో నుండెను. ఆ గంజాములోనే ఋషికుల్యానదీతీరమున జౌగడయనుచోట అశోకుని శిలాశాసనములు గలవు. కళింగమును జయించిన ఆ చక్రవర్తి, మనుష్యులకును పశువులకును ఉపయోగపడునట్లు మార్గములవెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించితినని క్రీ. పూ. 3వ శతాబ్దముననే అందు వ్రాయించెను.

చెట్టునీడ గొడుగునీడవంటిది గాదు. వేరు పీల్చిన నీరు ఆకుల సూక్ష్మరంధ్రములగుండ ఆవిరియై పోవును. కుండెడు నీటిని మరిగించుటకు పట్టు వేడికంటె, ఆ మరిగిన నీటినంతయు ఆవిరిచేయుటకు ఐదింతలకుపైగా వేడి కావలెనని గృహిణు లందఱెఱిగిన సంగతియే. ఆకునుండి నీరు ఆవిరియగునపుడును అటులే పరిసరముల వేడి హరించుచుండును. రోహిణికార్తెలో రాతికట్టడములు పగలు గ్రహించిన వేడిని రాత్రియు విడుచుచుండగా, చెట్లున్న వీథి త్వరగా చల్లబడును. వానధార ఆకులపై విఱిగి మెల్లగా నేలకు దిగును. వీథిధూళి కొంత ఆకులపైననే నిలుచును.

ఐనను ఒక యాక్షేపణ కలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమువద్ద తీరము దాటినపుడు, ఆ నగరమునను విజయనగరప్రాంతమునను అసంఖ్యాకముగ చెట్లు కూలెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలగూల్చెను. ఇంటిముంగిట చెట్టు ఆపదయేకదాయని పలువురు భయపడిరి. ఆ భయము నిర్హేతుకము గాదు. కాని మురుగుకాలువకై ఒకవైపు వేళ్లు నఱికి, మొదలుచుట్టు సిమెంటు పోసినచో, ఆ చెట్టు గాలికి నిలుచుటెట్లు? వేరు పాఱుటకు మన్నుండవలెను. విశాలస్థలమున చింత, రావి. వీథిప్రక్కను వేప, కానుగ. తీగెలక్రింద పొట్టిచెట్లు నాటవలెను. తుపానుల కాలమునకు ముందే ఎండుకొమ్మలు తీయించవలెను.

గ్రామపెద్దలారా! మీ మనుమలు చదువులకు పట్టణములందే యున్నారు. వైద్యమునకు మీరును అచటికే పోవలసివచ్చును. కావున ఇది మనయందఱి పని. సిరిమాను నిచ్చిన గ్రామమున పది చింతమొక్కలు నాటుడు. పట్టణమును తన వీథులలో పది నాటవలెనని కోరుడు. నాటుట ఒకనాటి వేడుక. మూడు వేసవులు నీరు పోయుటయే వ్రతము. నేడు నాటిన చింత మన కన్నులయెదుట మ్రానుగాకపోవచ్చును. ఇప్పుడు మనము కూర్చుండు నీడయు మనము నాటినది గాదుగదా!