సాయం కూడా వాళ్ల భాషలోనే అందాలి

ప్రకాశం జిల్లా బ్యారన్లలో మనవాళ్లు కాల్చే పొగాకు వర్జీనియా రకం. ఆ వర్జీనియా నేనుంటున్న నార్త్ కరోలినాకు పక్క రాష్ట్రమే. 1612 ప్రాంతంలో జాన్ రోల్ఫ్ అనే ఇంగ్లిష్ వలసదారు అక్కడి జేమ్స్‌టౌన్‌లో పొగాకు వేశాడు. లండన్‌లో మంచి ధర పలికింది. ఆకలికీ రోగాలకీ మనుషుల్ని పోగొట్టుకుంటున్న ఆ చిన్న వలస ఊరు ఆ ఆకు వల్లే నిలదొక్కుకుంది. తర్వాత ఆ చేలల్లో చాకిరీ ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల నెత్తిన పడింది.

మా డర్హమ్ పట్నాన్ని కట్టిందీ పొగాకే. 1880లలో ఇక్కడి డ్యూక్ కుటుంబం బాన్‌సాక్ అనే సిగరెట్ యంత్రాన్ని తెచ్చిపెట్టింది. చేత్తో చుట్టే కార్మికులు రోజుకు రెండు మూడు వేలు చుడితే, యంత్రం లక్షకు పైగా చుట్టేది. అన్ని సిగరెట్లు అమ్ముడుపోవాలంటే కొత్తగా తాగేవాళ్లు పుట్టుకురావాలి. అందుకే ప్రకటనలు ఊరూరా పాకాయి. డ్యూక్‌ల అమెరికన్ టొబాకో కంపెనీ గుత్తాధిపత్యాన్ని 1911లో అమెరికా సుప్రీంకోర్టు ముక్కలు చేసింది కానీ, అప్పటికే సిగరెట్ దేశమంతా పాకింది.

వెనక్కి తిరగడం 1964లో మొదలైంది. ధూమపానం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని ఆ ఏడాది జనవరి 11న ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి, అంటే సర్జన్ జనరల్, లూథర్ టెర్రీ నివేదిక తేల్చి చెప్పింది. 1971లో టీవీ, రేడియోల్లో సిగరెట్ ప్రకటనలు ఆగిపోయాయి. 1998లో పెద్ద కంపెనీలు 46 రాష్ట్రాలతో భారీ పరిహార ఒప్పందానికి దిగొచ్చాయి. 1965లో పెద్దవాళ్లలో నూటికి 42 మంది సిగరెట్ తాగేవాళ్లు. 2023లో దాదాపు 11 మంది. ఈ దేశం గర్వపడాల్సిన మార్పు ఇది. అయితే ఆ దారిలో పొగ మానడానికి అందిన సాయం అందరికీ సమానంగా అందలేదు.

మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్, దక్షిణ అమెరికాల నుంచి వచ్చినవాళ్లనూ వాళ్ల సంతానాన్నీ ఇక్కడ లాటినోలు అంటారు. 2020 జనాభా లెక్కల ప్రకారం వాళ్లు 6.2 కోట్లు. సిగరెట్ కంపెనీలు వాళ్లను ముందే పసిగట్టాయి. స్పానిష్‌లో ప్రకటనలిచ్చాయి, వాళ్ల పండుగలకు డబ్బిచ్చాయి, రియో, డొరాడో అని వాళ్ల కోసమే బ్రాండ్లు తెచ్చాయి. మానిపించే సాయం మాత్రం చాలాకాలం ప్రధానంగా ఇంగ్లిష్‌లోనే నడిచింది.

మా రాష్ట్రంలో ఆకు కోసే కూలీల్లో ఎక్కువమంది లాటినోలే. తెల్లవారుజామున మంచుకు తడిసిన ఆకులోంచి నికోటిన్ చర్మంలోకి దిగుతుంది. తలతిరుగుడు, వాంతులు పట్టుకుంటాయి. దాన్నుంచి కాపాడుకోవడానికి నల్లటి చెత్త సంచులకు తలకీ చేతులకీ కన్నాలు చేసుకుని తొడుక్కుంటారు. సిగరెట్ కొనాలంటే ఇక్కడ 21 ఏళ్లు నిండాలి. కానీ తల్లిదండ్రులు ఒప్పుకుంటే 12 ఏళ్ల పిల్లలు కూడా ఆ చేలల్లో పని చేయవచ్చని ఫెడరల్ చట్టం చెబుతోంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

మొత్తం మీద లాటినోలలో పొగతాగేవాళ్లు తక్కువే. తాగే కుర్రాళ్లలో చాలామంది రోజుకు నాలుగైదు, లేదా స్నేహితులు కలిసినప్పుడే కాలుస్తారు. అంతమాత్రానికి డాక్టర్ దగ్గరకు వెళ్లేదేముంది అనుకుంటారు. ఎంతోమందికి ఆరోగ్య బీమా ఉండదు. మానేయమని డాక్టర్ చెప్పడమూ, నికోటిన్ ప్యాచ్‌లాంటి మందులు అందడమూ వాళ్లకు తక్కువే. కానీ ఫోన్ మాత్రం ప్రతి కుర్రాడి చేతిలోనూ ఉంటుంది.

ఫోన్‌కు మెసేజ్‌లు పంపి పొగ మానిపించే పద్ధతి అక్కడే అక్కరకొస్తోంది. మానే రోజును మనిషే నిర్ణయించుకుంటాడు. దానికి ముందు నుంచే మెసేజ్‌లు మొదలవుతాయి: ఇంట్లో మిగిలిన పెట్టెలు పారేయమనీ, ఎందుకు మానుతున్నావో రాసిపెట్టుకోమనీ. మానిన మొదటి వారంలో అవి ఎక్కువగా వస్తాయి, ఎందుకంటే మళ్లీ అంటించే ప్రమాదం అప్పుడే ఎక్కువ. జాతీయ క్యాన్సర్ సంస్థ నడిపే స్మోక్‌ఫ్రీ టీఎక్స్‌టీ అనే సేవలో మనసు లాగినప్పుడు ‘క్రేవ్’ అనీ, ఒకటి కాల్చేస్తే ‘స్లిప్’ అనీ పంపితే చాలు, వెంటనే జవాబు వస్తుంది. ఆ లాగుడు సాధారణంగా కొద్ది నిమిషాలే. ఆ కాసేపూ ఎవరో ఒకరు తోడుండాలి. స్పానిష్‌లోనూ ఈ సేవ ఉంది. లాటినోల కోసమే తయారైన దెసీదెతెక్స్‌తో అనే మెసేజ్‌ల కార్యక్రమంలో మనిషి తనకు ఇష్టమైన భాషలో ప్రశ్నలు కూడా అడగవచ్చు.

ఇది ఉత్త ఆశ కాదు. బ్రిటన్‌లో 5,800 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2011లో లాన్సెట్‌లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత, ప్రోత్సాహక మెసేజ్‌లు అందుకున్నవాళ్లలో 10.7 శాతం మంది మానేసినట్టు లాలాజల పరీక్షలతో తేలింది, మిగతావాళ్లలో 4.9 శాతమే. పదిమందిలో ఒక్కరేనా అనిపించవచ్చు. కానీ ఇంత తక్కువ ఖర్చుతో, పల్లెల్లో ఉన్నవాళ్లకు కూడా అందే సాయానికి రెట్టింపు ఫలితమంటే చిన్న విషయం కాదు.

మన భారతదేశంలోనూ 2016లో మొబైల్ ద్వారా పొగాకు మానిపించే ప్రభుత్వ కార్యక్రమం మొదలైంది. సిగరెట్ పెట్టెల మీద 1800-11-2356 అనే ఉచిత నంబరు ఉంటుంది. మీ ఇంట్లో పొగతాగే కుర్రాడుంటే తిట్టేముందు ఆ నంబరు అతనికివ్వండి. మానే తేదీ అతన్నే పెట్టుకోనివ్వండి. మొదటి వారం రోజులూ మీరే రోజుకు నాలుగు మెసేజ్‌లు పెట్టండి, మీ ఇంటి మాటల్లోనే.