రాజాశ్రయము లేని వాగ్గేయకారుడు: త్యాగరాజు

మాతువును, ధాతువును తానే కూర్చి పాడువానిని లాక్షణికులు వాగ్గేయకారుడనిరి. అట్టివాడు దేనివలన జీవించెను, అతని కృతులెవరివలన నిలిచెను అను ప్రశ్నలు విడదీయరానివి. త్యాగరాజును నిదర్శనముగ గైకొని వీనిని విచారింతుము.

1767లో తిరువారూరున జన్మించిన త్యాగరాజు తిరువయ్యారున స్థిరపడి, 1847 జనవరి 6వ తేదీన అచటనే సిద్ధినొందెను. గురువైన శొంఠి వెంకటరమణయ్య తంజావూరి ఆస్థాన విద్వాంసుడు. కావున కొలువు త్రోవ శిష్యునకు తెలియనిది కాదు. అయినను ఆయన ఉంఛవృత్తినే అవలంబించెను. రాజు కానుకలను నిరాకరించుచు 'నిధి చాల సుఖమా' అను కృతిని పాడెనని ప్రసిద్ధి. దీనిని గాథగనే గ్రహింతుము. 1799లో రాజ్యపాలనము ఈస్టిండియా కంపెనీ వశమయ్యెను. ఐనను శరభోజి ఆస్థానము విద్వత్పోషణమును మానలేదు. కొలువులు లేకపోవుటచే త్యాగరాజు దూరముగ నుండెననుట పొసగదు.

స్వతంత్రుడనగా నిరాధారుడని అర్థము కాదు. రాజుండవలసిన తావున గృహస్థులును, శిష్యులును నిలిచిరి. చెన్నపట్టణ ప్రాంత యాత్రలో ఆయన కోవూరున సుందరేశ మొదలియారు ఆతిథ్యమును, తిరువొత్తియూరున శిష్యుడైన వీణ కుప్పయ్యరు ఆతిథ్యమును స్వీకరించెను. కోవూరున వెలసిన ఐదు కృతులును అచటి దైవమును కీర్తించునే కాని ఆతిథేయుని కీర్తింపవు. ఉపకారము గైకొనియు వాక్కును విక్రయింపకుండుటయే ఇచట స్వాతంత్ర్యమునకు లక్షణము.

ఈ స్వాతంత్ర్యమునకు చెల్లించిన మూల్యమును కూడ గుర్తింపవలెను. నేడు లభించు సుమారు ఏడువందల కృతులు ప్రధానముగ శిష్యుల కంఠములందును, వ్రాతప్రతులందును నిలిచినవి. వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లస్థానము అనునవి ముఖ్యశాఖలు. వాలాజాపేట వెంకటరమణ భాగవతరు, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతరు సంతరించిన ప్రతులు మధురలోని సౌరాష్ట్ర సభకు చేరినవి. ఒకే కృతికి శాఖననుసరించి సంగతులు మారినవి. కొన్నియెడల రాగమును మారినది. సాహిత్యమునకు వేరొక చిక్కు కలదు. గాయకులు పెక్కుమంది తమిళలిపిలో వ్రాసికొనిరి. ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒక్కటే అక్షరము. అందువలన తెలుగు పదము రూపుచెడి, పదచ్ఛేదము తప్పి, అర్థము చెదరుటకు అవకాశమేర్పడినది.

కావున త్యాగరాజ కృతుల పాఠనిర్ణయము సంగీతజ్ఞులకే విడువదగిన కార్యము కాదు. రాగమును వారు నిర్ణయింతురు గాక. పదమును నిర్ణయించు భారము తెలుగు పరిశోధకులది. శాఖాపాఠములను ప్రక్కప్రక్కన నిలిపి, ప్రాసయతులను, వ్యాకరణమును సాక్ష్యముగ గొని శోధించిననే, ఆ మహనీయుడు ఎవరికిని అమ్మని వాక్కు యథాతథముగ మనకు దక్కును.