తాత మెదడు ఎందుకు వాచింది? ఒక మోటారు, కొన్ని పీతలు, ఒక భీమవరం మనిషి

సిద్దిపేట నుంచి మళ్ళీ వచ్చేశాను. ఈరోజు ఎపిసోడ్ కొంచెం పర్సనల్.

మూడేళ్ళ కింద ఒక రాత్రి అన్నం తింటుంటే మా తాత చేతిలోంచి ముద్ద జారిపోయింది. మూతి కొంచెం వంకర పోయింది. "ఏం లేదురా, అలసట. పండుకుంటే తగ్గుతది" అన్నాడు. మేమూ నమ్మినం. తెల్లారేసరికి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. డాక్టర్ స్కాన్ చూసి, "రక్తనాళం మూసుకుపోయింది, మెదడు వాచింది" అన్నాడు. దెబ్బే తగల్లేదు కదా, వాపు ఎక్కడిది? అప్పుడు నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నా. బగ్ దొరికేదాకా నిద్రపట్టని టైపు. వెతకడం మొదలుపెట్టా.

ఎండు ద్రాక్షను నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది కదా. మన కణాలకూ అదే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. లోపలి ప్రొటీన్లు బయటికి పోలేవు, అవి నీటిని లోపలికి లాగుతుంటాయి. మొక్క కణాలకైతే చుట్టూ గట్టి గోడ ఉంది. మనవాటికి పలుచని పొర మాత్రమే. మరి పగిలిపోకుండా ఎలా ఉన్నాయి?

మా దగ్గర బావి పూడిక తీసేటప్పుడు ఊట నీళ్ళు తోడడానికి మోటారు పెడతారు. ఊట ఆగదు, మోటారూ ఆగొద్దు. కరెంటు పోతే బావి నిండిపోతుంది. కణంలోనూ అంతే. బయటి సోడియం లోపలికి ఊరుతూనే ఉంటుంది. దాన్ని తోడిపోసే పంపు కణం పొరలోనే ఉంటుంది: ఒక్కో విడతకు 3 సోడియంలు బయటికి, 2 పొటాషియంలు లోపలికి. సోడియం బయటే ఆగితే నీరు కూడా అదుపులో ఉంటుంది.

ఈ సంగతి ఒక్కరోజులో తేలలేదు. ఫ్రిజ్‌లో దాచిన రక్తకణాల్లో సోడియం పెరిగి పొటాషియం తగ్గడం, వెచ్చబెట్టి గ్లూకోజ్ ఇస్తే మళ్ళీ సర్దుకోవడం 1941లో గమనించారు. అంటే ఇది తిండి అడిగే పని. 1957లో డెన్మార్క్‌లో జెన్స్ స్కౌ పీతల కాళ్ళ నరాల్లో ఆ పంపును పట్టుకున్నాడు. దాని కరెంటు ఏటీపీ. 1960లో టోస్టెసన్, హాఫ్‌మన్ గొర్రెల రక్తకణాలతో ఊట, పంపు రెండూ కలిసే కణం సైజును నిర్ణయిస్తాయని చూపించారు. స్కౌకు నోబెల్ వచ్చింది 1997లో, 40 ఏళ్ళ తర్వాత!

ఇక్కడే మన మనిషి వస్తాడు. ఆ ఏటీపీని 1929లో జర్మనీలో లోమన్, హార్వర్డ్‌లో ఫిస్క్, సుబ్బారావు విడివిడిగా కనిపెట్టారు. అవును, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. 1925లోనే ఆయన, ఫిస్క్ కలిసి ఫాస్ఫరస్‌ను నీలి రంగుతో కొలిచే పద్ధతి ఇచ్చారు. పంపు పనిచేస్తే ఏటీపీ విరిగి ఫాస్ఫేట్ బయటపడుతుంది. దాన్ని కొలిస్తే పంపు వేగం తెలుస్తుంది. తర్వాత ఎన్నో ల్యాబ్‌లు ఈ పంపును కొలిచింది ఫిస్క్–సుబ్బారావు పద్ధతితోనే. కానీ హార్వర్డ్‌లో ఆయనకు పర్మనెంట్ ఉద్యోగం దక్కలేదు. 1948లో కన్నుమూశాడు, పంపు దొరకడానికి 9 ఏళ్ళ ముందు.

ఇప్పుడు తాత దగ్గరికి వద్దాం. రక్తం ఆగితే ఆక్సిజన్ ఆగుతుంది. ఏటీపీ నిమిషాల్లో పడిపోతుంది. పంపు ఆగుతుంది. సోడియం లోపలికి వస్తుంది, వెంటే క్లోరైడ్, ఆ వెనకే నీరు. కణం ఉబ్బుతుంది. మెదడు వాపుకు మొదటి మెట్టు ఇదే. "పండుకుంటే తగ్గుతది" అనుకున్న ఆ రాత్రంతా మా తాత మెదడులో మోటార్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయన్నమాట.

తాత బతికాడు. మాట మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఆ ఒక్క రాత్రి నాకు ఇంకా గుచ్చుకుంటుంది.

అందుకే ఇది గుర్తుపెట్టుకోండి. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ అందరికీ పనికిరాదు. పనికొచ్చేవాళ్ళకు కూడా మామూలుగా 4.5 గంటల లోపే ఇవ్వాలి.

ఈ ఎపిసోడ్ ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి చూడండి. మళ్ళీ కలుద్దాం.