504 మెగాబైట్ల గోడ

పాత కంప్యూటర్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా "అప్పట్లో డిస్కులే చిన్నవి" అని ఒక్క మాటతో తేల్చేస్తూంటాం. అది సగం నిజమే. డిస్కు పెద్దదై ఉండీ కంప్యూటరు దానిని పూర్తిగా చూడలేకపోయిన సందర్భాలు ఆ చరిత్రలో అనేకం. నా దగ్గరున్న పాత 486 యంత్రానికి 1.2 గిగాబైట్ల డిస్కు తగిలిస్తే, తెర మీద 504 మెగాబైట్లే కనబడతాయి. మిగిలినది ఏమైనట్లు?

1983లో ఐబీఎం ఎక్స్‌టీ నమూనా 10 మెగాబైట్ల హార్డుడిస్కుతో వచ్చింది. డిస్కులో ఏ చోటినైనా పేర్కొనడానికి బయాస్‌లో ఒక చిరునామా పద్ధతి ఏర్పరచారు: సిలిండరు సంఖ్యకు 10 బిట్లు, హెడ్డుకు 8, సెక్టరుకు 6. అంటే 1024 సిలిండర్లు, 256 హెడ్లు, 63 సెక్టర్లు. (సెక్టర్ల లెక్క ఒకటితో మొదలవుతుంది కనుక 64 కాదు.) సెక్టరుకు 512 బైట్ల చొప్పున ఇది 8.4 గిగాబైట్లకు సరిపోతుంది. 10 మెగాబైట్ల కాలంలో అది సముద్రమే.

1986 ప్రాంతంలో ఐడీఈ డ్రైవులు వచ్చాయి. వాటి పంపకం వేరు: సిలిండరుకు 16 బిట్లు, హెడ్డుకు 4, సెక్టరుకు 8. విడిగా చూస్తే ఇది సుమారు 137 గిగాబైట్ల దాకా పోగలదు. కానీ రెండూ కలిసి పనిచేయాలంటే ప్రతి అంశంలోనూ తక్కువదానికే కట్టుబడాలి. 1024 × 16 × 63 × 512 = 52,84,82,304 బైట్లు. అదే మన 504 మెగాబైట్లు. ఇద్దరు ఉదారులకు ఒక పిసినారి పుట్టినట్లయింది!

1990ల నడుమ ఈ గోడను దాటడానికి బయాస్‌లోనే చిరునామాలను మార్చి చెప్పే ఏర్పాటు వచ్చింది. ఆ సదుపాయం లేని యంత్రాలకు ఆన్‌ట్రాక్ డిస్కు మేనేజరు వంటి సాఫ్టువేరు దిక్కయింది. అది డిస్కు మొదట్లో కూర్చుని దుబాసీ పని చేసేది. అయితే ఆ డిస్కును వేరే యంత్రంలో పెట్టి, దుబాసీని తప్పించి తెరిస్తే, ఉన్న ఫైళ్ళు కూడా లేనట్లే కనబడేవి. ఆ తరువాత 8.4 దగ్గర ఒక గోడ, 137 దగ్గర మరొకటి ఎదురయ్యాయి.

ఫ్లాపీల కథ ఇంకా ప్రమాదకరమైనది. 1984లో ఐబీఎం ఏటీతో వచ్చిన 1.2 మెగాబైట్ల డ్రైవుకు 80 ట్రాకులు. పాత 360 కిలోబైట్ల డ్రైవుకు 40. కొత్తదాని హెడ్డు సన్నం. పాత డ్రైవులో రాసిన ఫ్లాపీ మీద కొత్త డ్రైవుతో తిరగరాస్తే, కొత్త గీత పక్కన పాత రాత అంచులు మిగిలిపోయేవి. రాసిన డ్రైవు దానిని చక్కగా చదివేది. పాత డ్రైవు వెడల్పు హెడ్డుతో రెండింటినీ కలిపి చదివి తడబడేది. హార్డుడిస్కు గోడ ముందే అడ్డుపడింది. ఇది మాత్రం పని జరిగిపోయిందని నమ్మించింది.

ఇవేవీ లోహానికున్న హద్దులు కావు. ఒకనాడు ఇన్ని బిట్లు చాలుననుకున్న నిర్ణయాలు. యూనికోడుకూ ఈ అనుభవం ఉంది. 1991లో 65,536 స్థానాలు చాలుననుకున్నారు. 1996లో వాటిని పదకొండు లక్షలకు పైగా విస్తరించవలసి వచ్చింది. అందులో తెలుగు విభాగానికి కేటాయించినవి 128.

యూనికోడుకు ముందటి డీటీపీ ఫాంట్లలో కూర్చిన తెలుగు పుస్తకాల ఫైళ్ళు ఎవరి అటకల మీదనైనా ఫ్లాపీలలో ఉండవచ్చు. వాటికి రెండు గోడలు: ముందు డ్రైవు, ఆపైన ఫాంటు సంకేతాలు. రెండవదానికి మార్పిడి పనిముట్లు కొన్ని ఉన్నాయి. మొదటిదానికి గడువు తరిగిపోతోంది, అయస్కాంతపు పూత ఏళ్ళు గడిచేకొద్దీ చెడుతుంది. మీ ఇంట్లో అటువంటివి ఉంటే, ముందుగా రాతకు అడ్డు పెట్టండి: పెద్ద ఫ్లాపీకి పక్కనున్న గంటును కాగితంతో మూయాలి, చిన్నదానికి మూలనున్న కిటికీని తెరవాలి. ఆ తరువాతే డ్రైవులో పెట్టి నకలు తీయండి.