108 అంబులెన్సుల్లో అంటువ్యాధుల నివారణ

అంబులెన్సు సిబ్బందికి రోగి నుంచి, రోగికి సిబ్బంది నుంచి, ఒకరు దిగిన స్ట్రెచర్ మీద ఎక్కే మరొకరికి జబ్బులు సోకకుండా తీసుకునే జాగ్రత్తలివి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ బాధ్యత ఎక్కువగా 108 సిబ్బందిది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవలో బండికి ఇద్దరుంటారు: చికిత్స చేసే ఈఎంటీ, పైలట్ అని పిలిచే డ్రైవరు. 2020 జూలై 1న విజయవాడలో 108 అంబులెన్సులు, 104 సంచార వైద్య వాహనాలు కలిపి 1,088 ఒకేసారి రోడ్డెక్కాయి.

ఉదాహరణకు బాపట్ల జిల్లా వేటపాలెం ప్రాంతంలో చీరాల మీదుగా ఒంగోలు వెళ్లే 216వ జాతీయ రహదారి ఉంది, రైలుమార్గం ఉంది, రామాపురం సముద్రతీరం ఉంది. ఇలాంటి చోట ప్రమాదం జరిగితే రోగి పూర్వచరిత్ర చెప్పేవారు తరచుగా ఉండరు. అందుకే ఎవరి రక్తాన్నయినా జబ్బు సోకించే ప్రమాదం ఉన్నదిగానే చూడాలన్నది మూలసూత్రం. హెచ్ఐవీ భయం పెరిగిన 1980లలో అమెరికాలో స్థిరపడిన ఈ సూత్రం 1996లో ప్రామాణిక జాగ్రత్తలుగా విస్తరించింది.

గ్లౌజులు చేతి శుభ్రతకు బదులు కావు. అవే గ్లౌజులతో గాయం తుడిచి, ఆక్సిజన్ మీట తిప్పి, తలుపు పిడి పట్టుకుంటే మురికి బండంతా పాకుతుంది. గ్లౌజులు తీశాక 20–30 సెకన్లు శానిటైజర్‌తో, మురికి కనబడితే సబ్బునీళ్లతో 40–60 సెకన్లు చేతులు రుద్దుకోవాలి. దగ్గే రోగికి మాస్కు తొడగాలి, కిటికీలు తెరవాలి. క్షయ అనుమానముంటే సిబ్బంది ఎన్95 మాస్కు ధరించాలి. ఊపిరి అందనివారికి నోటితో కాక ఆంబూ బ్యాగుతో (చేత్తో నొక్కే గాలి సంచితో) శ్వాస ఇవ్వాలి.

రక్తం ఒలికితే గుడ్డ కప్పి, 1 శాతం సోడియం హైపోక్లోరైట్ పోసి, కనీసం 10 నిమిషాలు ఆగి తుడవాలి. కోవిడ్ తొలి నెలల్లో కేంద్ర ఆరోగ్యశాఖ ఈ ద్రావణంతోనే బండి శుద్ధి చేయాలని చెప్పింది. అసలు చిక్కు ఆ పది నిమిషాల దగ్గరే వస్తుంది. ఆసుపత్రి గుమ్మంలో ఉండగానే మరో కాల్ వస్తే ముందు కోత పడేది శుభ్రతకే. బండి కడిగే సమయాన్ని ఖాళీ సమయంగా లెక్కించడం తప్పు. అది కూడా రోగికి చేసే సేవే.

2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలోకి, సెలైన్ గొట్టాలు, గ్లౌజులు ఎర్ర సంచిలోకి, సూదులు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకి వెళ్లాలి. వాడిన సూదికి మూత తిరిగి పెట్టకూడదు. కుదుపుల బండిలో ఈ నియమం మరీ ముఖ్యం.

సూది గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకోవడం మనందరికీ అలవాటు. అదీ, రక్తం పిండడమూ రెండూ కూడదు. సబ్బునీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి చెప్పాలి. హెచ్ఐవీ నివారణ మందు వీలైతే 2 గంటల్లో, ఆలస్యమైనా 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. హెపటైటిస్-బి టీకాను ఉద్యోగంలో చేరినప్పుడే మొదలుపెట్టి మూడు డోసులూ పూర్తి చేయించాలి.

అంబులెన్సు రాకముందు క్షతగాత్రుల్ని ఎత్తేది దారినపోయేవారు, మునిగినవారిని ఒడ్డుకు చేర్చేది తరచుగా మత్స్యకారులు. వారి చేతులకు గ్లౌజులుండవు. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కున్నా కొంత రక్షణే. రోగిని అప్పగించాక వారికి నీళ్లు, సబ్బు అందించి, చేతిమీద కోతలున్నాయేమో అడగడం ఈఎంటీ పనిలో భాగం.