వెనక్కి జరిగిన తొమ్మిదో నంబరు

ముందు నిలబడిన వాడే గోలు కొడతాడని మనందరి నమ్మకం. ఆ నమ్మకాన్ని తలకిందులు చేసిన ఒక జట్టును గురించి, ఆ ఆట మన హైదరాబాదు దాకా వచ్చిన వైనాన్ని గురించి సభ్యమిత్రులతో నాలుగు మాటలు పంచుకోవాలని ఈ చిన్న వ్యాసం.

1953 నవంబరు 25. లండన్‌లోని వెంబ్లీ మైదానం. లక్షకు పైగా ప్రేక్షకులు. బ్రిటిష్ దీవుల అవతలి ఐరోపా జట్టు ఏదీ అంతవరకు ఇంగ్లండును దాని సొంతగడ్డపై ఓడించలేదు. ఆనాడు హంగేరీ 6-3 తేడాతో ఓడించింది.

ఆ రోజుల్లో అందరూ ఆడేది ‘డబ్ల్యూ-ఎం’ పద్ధతి. ముగ్గురు బ్యాక్‌లు, వారి ముందు ఇద్దరు హాఫ్‌లు, ఆపైన ఇద్దరు ఇన్‌సైడ్ ఫార్వర్డులు, అందరికన్నా ముందు ముగ్గురు. చొక్కా మీది అంకె చూస్తే ఎవరిని ఎవరు కాపలా కాయాలో తెలిసిపోయేది. తొమ్మిదో నంబరు సెంటర్ ఫార్వర్డు అయితే, అతనికి కాపలా ఎదుటి జట్టు అయిదో నంబరు.

హంగేరీ శిక్షకుడు గుస్తావ్ సెబెష్ తన తొమ్మిదో నంబరు హిదెగ్‌కుటిని మైదానం నడిమికి జరిపాడు. ఇంగ్లండు అయిదో నంబరు హ్యారీ జాన్‌స్టన్‌కు చిక్కు వచ్చిపడింది. అతని వెంట వెళితే వెనక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి పుష్కాష్, కోచిష్ దూసుకొస్తారు. వెళ్ళకపోతే హిదెగ్‌కుటికి అడ్డే లేదు. మరోవైపు హాఫ్ జకారియాష్ వెనక్కి తగ్గి రక్షణకు బలమయ్యాడు. తర్వాత కాలంలో 4-2-4 అని పేరు పొందిన పద్ధతికి పునాది ఇదే. మొదటి నిమిషంలోనే గోలు కొట్టిన హిదెగ్‌కుటి మొత్తం మూడు గోల్స్ చేశాడు. అప్పటికి అతని వయసు 31 ఏళ్ళు. ఆటగాళ్ళ లెక్కలో అది రిటైర్మెంటుకు దగ్గరపడిన వయసే!

ఇక మన సంగతి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 తేడాతో చిత్తయింది. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. అదే యుగోస్లావియాను ఫైనల్‌లో 2-0తో ఓడించి స్వర్ణం గెలిచింది హంగేరీ. మన జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు వాస్తవ్యులు, వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. ఆ పరాభవాన్ని ఆయన పాఠంగా తీసుకున్నారు. హంగేరీ ఆటను శ్రద్ధగా పరిశీలించి, సెంటర్ ఫార్వర్డును వెనక్కి జరిపి ఆడే పద్ధతిని మనవాళ్ళకు నేర్పారు.

నాలుగేళ్ళు తిరిగేసరికి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాపై 4-2 విజయం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే. సెమీస్‌లో మళ్ళీ ఆ యుగోస్లావియాయే ఎదురైంది. ఈసారి తొలి గోలు మనవాళ్ళే కొట్టారు. చివరకు 4-1తో ఓడినా, పది గోల్స్ నాటి జట్టు కాదని లోకానికి తెలిసింది.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం గారి ఆరోగ్యం క్షీణిస్తోంది. గాయపడి తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందుకు పంపి ఫార్వర్డుగా ఆడించారు. ఫైనల్‌లో దక్షిణ కొరియాపై పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ మరో గోలు చేయగా 2-1తో స్వర్ణం మనదయింది. మరుసటి ఏడాది జూన్‌లో క్యాన్సర్‌తో రహీం గారు కన్నుమూశారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం దక్కలేదు. ఆయన పాఠం మాత్రం మిగిలింది. ఎవరిని ఎక్కడ నిలబెడితే జట్టుకు మేలో తెలుసుకోవడమే ఆ పాఠం.

ఉద్యోగం నుంచి తప్పుకొని వెనక వరుసలోకి వచ్చిన మనకు హిదెగ్‌కుటి కథ కాస్త దగ్గరగానే అనిపిస్తుంది. ఆయన వెనక్కి జరిగాడు గాని, ఆట మానలేదు కదా!